పాత ప్రియస్ లాగడం లేదా? పెద్ద బ్యాటరీని అనుమానించే ముందు చూడాల్సినవి

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటి దగ్గర 121 హైవే ఎక్కే ర్యాంప్ కాస్త ఎత్తుగా ఉంటుంది. 2021 ఆగస్టులో, బండి కొన్న మూడో వారం, ఆ ర్యాంప్ మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా వేగం 50 మైళ్లు దాటలేదు. ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం ముందుకు సాగడం లేదు. వెనక సీటు దగ్గర నుంచి హెయిర్ డ్రయ్యర్ పెట్టినట్టు ఒకటే హోరు. వెనకాల ట్రక్కువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. పక్క సీట్లో మా ఆవిడ పైనున్న పిడి గట్టిగా పట్టుకుని కూర్చుంది. అది 2011 టయోటా ప్రియస్, పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్ కారు, అప్పటికి 1,42,000 మైళ్లు తిరిగింది. గ్యాలన్‌కి 50 మైళ్లు ఇవ్వాల్సింది 37 దగ్గర ఆగిపోయింది.

మర్నాడు ఒక షాపుకి తీసుకెళితే పది నిమిషాలు చూసి, హైబ్రిడ్ బ్యాటరీ పోయింది, మార్చాల్సిందే అన్నారు. బండి కంప్యూటర్లో ఏ లోపం కోడ్ వచ్చిందని అడిగితే కోడేమీ రాలేదన్నారు. నేను బండి వెనక్కి తెచ్చేసుకున్నాను. ఆ బ్యాటరీ ఈ రోజుకీ అదే బండిలో ఉంది, మీటరు 1,96,000 దాటింది. అసలు జబ్బు, పాత ఓనరు పెంచిన కుక్క వెంట్రుకలు.

మా నాన్నగారు తెనాలిలో మోటార్లకు వైండింగ్ చేసేవారు. కాలిపోయిందని రైతు మోటారు మోసుకొస్తే వెంటనే విప్పేవారు కాదు. ముందు ఫ్యూజు, తర్వాత వైరు, తర్వాత కెపాసిటరు, ఆ తర్వాత బేరింగు. అన్నీ బాగున్నాయని తేలాకే తీగ మీద చెయ్యి వేసేవారు. నేను హైబ్రిడ్‌కి కూడా ఆ వరసే పెట్టాను. డెంటన్‌లో, ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చదివే మన పిల్లలు పాత ప్రియస్ కొని, పికప్ లేదనో మైలేజీ పడిపోయిందనో నా దగ్గరికి తెస్తుంటారు. ప్రతిసారీ ఇదే వరసలో చూస్తాను. కింద రాసినదంతా మూడో తరం ప్రియస్‌కి, అంటే 2010 నుంచి 2015 వరకు వచ్చిన మోడళ్లకి సంబంధించింది. పద్ధతి మిగతా హైబ్రిడ్లకీ పనికొస్తుంది కానీ అంకెలు మాత్రం మారతాయి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఆరెంజ్ రంగు వైరు ఎక్కడ కనిపించినా దాని జోలికి వెళ్లకండి. పెద్ద బ్యాటరీ, అంటే హైబ్రిడ్ బ్యాటరీ, 201.6 వోల్టులు. మోటారుకి తగ్గట్టు ఆ కరెంటును మార్చి ఇచ్చే ఇన్వర్టరు దాన్ని 650 వోల్టుల దాకా పెంచుతుంది. ఆ ప్యాక్ మూత తీసే పని తెలిసినవాళ్లది. 1,000 వోల్టుల గ్లౌజులు వేసుకుని, ప్యాక్ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్ లాగి, కనీసం పది నిమిషాలు ఆగి, మీటరుతో చూసుకున్నాకే వాళ్లు చెయ్యి పెడతారు. మనం ఇంట్లో చేసుకోగలిగిన పనుల్లో ఆ మూత తీయాల్సిన అవసరం ఒక్కదానికీ లేదు.

ఎప్పుడు లాగడం లేదో రాసి పెట్టుకోండి

"బండి లాగడం లేదు" అన్న ఒక్క మాటతో ఎవరూ ఏమీ చెప్పలేరు. ఒక వారం పాటు ఫోన్‌లో రాయండి: ఎప్పుడు, ఎంత ఎండలో, బయల్దేరిన ఎంతసేపటికి, స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు ఎన్ని ఉన్నాయి.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే పది సెకన్లు బండి గడగడా ఊగి తర్వాత సర్దుకుంటే, అనుమానం ఇంజన్ మీద. పొద్దున బాగానే ఉండి, మధ్యాహ్నం అరగంట నడిపాక పికప్ పడిపోయి వెనక ఫ్యాన్ హోరెత్తితే, బ్యాటరీకి గాలి అందడం లేదు. హైవే మీద వార్నింగ్ వచ్చి పవర్ పడిపోయి, పక్కకు ఆపి చల్లారాక మళ్లీ మామూలుగా నడిస్తే, ముందు ఇన్వర్టరు కూలెంట్ (చల్లబరిచే ద్రవం) చూడాలి. ఎప్పుడూ ఒకేలా బద్ధకంగా ఉండి, ఏ వార్నింగూ లేకపోతే టైర్లు, బ్రేకులు, ఎయిర్ ఫిల్టర్. బ్యాటరీ గీతలు నాలుగైదు నిమిషాల్లో ఏడు నుంచి రెండుకి పడి, అంతే వేగంగా మళ్లీ పైకి లేస్తుంటే అప్పుడు పెద్ద బ్యాటరీ.

నా బండిది రెండో రకం. ఆ సంగతి రాసుకున్నాకే నాకు అర్థమైంది. పొద్దున ఆఫీసుకి వెళ్లేటప్పుడు అదే ర్యాంప్ హాయిగా ఎక్కేది, కానీ సాయంత్రం ఎక్కేది కాదు. పోయిన బ్యాటరీకి పొద్దునా సాయంత్రమూ తేడా ఎందుకుంటుంది?

కోడ్ చదవండి, చెరపకండి

వార్నింగ్ లైటు వెలక్కపోయినా కంప్యూటర్లో కోడ్ దాగి ఉండొచ్చు. పార్టుల దుకాణాల్లో ఉచితంగా చదివి పెడతారు. అయితే వాళ్ల మీటర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే చూపిస్తాయి, హైబ్రిడ్ సిస్టమ్‌వీ బ్రేకులవీ చూపించవు. అందుకే బండి కంప్యూటరుని ఫోన్‌కి కలిపే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి కొని, ఫోన్‌లో డాక్టర్ ప్రియస్ లాంటి యాప్ వేసుకోమంటాను.

కోడ్ కనిపించగానే అలాగే రాసుకోండి, దానితో పాటు వచ్చే మూడంకెల చిన్న కోడ్‌ని కూడా. పీ0ఏ80 అంటే పెద్ద బ్యాటరీ. పీ3011 నుంచి పీ3024 దాకా ఏది వచ్చినా ఫలానా బ్లాకు బలహీనపడిందని. పీ0ఏ93 ఇన్వర్టరు కూలింగ్. పీ261బీ ఇంజన్ కూలెంట్ పంపు. పీ0401 ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) దారి మూసుకుపోవడం. పీ0300, పీ0301 లాంటివి సిలిండరు సరిగా మండకపోవడం.

బండి ఇంకా కొనకముందే చూస్తుంటే మరొకటి కూడా చూడండి. అమ్మేవాళ్లు కోడ్‌లు చెరిపి ఉంటే యాప్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు, "పూర్తి కాలేదు" అని ఉంటాయి. అవి మళ్లీ నిండాలంటే కొన్ని రోజులు నడపాలి. మానిటర్లన్నీ ఖాళీగా ఉన్న బండికి ఆ రోజు అడ్వాన్స్ ఇవ్వకండి. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో పొగ పరీక్ష ఇప్పటికీ ఉంది కాబట్టి ఆ మానిటర్లు నిండకపోతే అక్కడా ఆగిపోతారు.

పైసా ఖర్చు లేని పనులు

ఎకో మోడ్ నొక్కి ఉందా? ఎకోలో యాక్సిలరేటర్ మెత్తబడుతుంది. కొత్తగా కొన్నవాళ్లు బండే మందగించిందనుకుంటారు. పవర్ మోడ్‌లో నడిపి చూడండి. టైరు గాలి డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్నట్టు పెట్టండి. మామూలు 15 అంగుళాల చక్రాలకు ముందు 35, వెనక 33. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడండి. టెక్సాస్‌లో ఎలుకలు అక్కడే గూడు పెడతాయి, నేను రెండు బండ్లలో చూశాను.

ఆయిల్ స్టిక్ తప్పకుండా లాగి చూడండి. ఈ ఇంజన్‌కి పట్టేది 4.2 లీటర్లు. తొందరలో ఉన్న షాపుల్లో 5 క్వార్టుల డబ్బా మొత్తం ఒంపేస్తారు, అంటే అర లీటరు పైనే ఎక్కువ. ఆ ఎక్కువైన నూనెలో క్రాంక్ తిరిగి ఇంజన్ బరువెక్కుతుంది. దానికి ఎదురుగా నూనె తాగే ఇంజన్లూ ఉంటాయి. 10,000 మైళ్లకి మార్చితే చాలన్నది కొత్త బండి లెక్క. లక్ష దాటినదానికి నేను 5,000కే మారుస్తాను, ప్రతి రెండు ట్యాంకులకీ స్టిక్ చూస్తాను.

బ్రేకులు పట్టేసి ఉండటం కూడా మామూలే. ప్రియస్‌లో బండిని ఎక్కువగా ఆపేది మోటారే. బ్రేకు ప్యాడ్లకు పని తక్కువ కాబట్టి వాటి పిన్నులు తుప్పు పట్టి కదలకుండా పోతాయి. ఇరవై నిమిషాలు నడిపి ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి, ముట్టుకోకుండా, సెగ చూడండి. ఒకటి మిగతా మూడింటికంటే బాగా వేడిగా ఉంటే అది బండిని వెనక్కి పట్టి లాగుతోందన్నమాట.

చిన్న బ్యాటరీ

డిక్కీలో కుడి పక్కన 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఇంజన్ తిప్పేది అది కాదు, ఈ బండికి స్టార్టర్ మోటారే లేదు. కంప్యూటర్లను లేపడం, పెద్ద బ్యాటరీ రిలేలు కలపడం దాని పని. అది నీరసపడితే సంబంధం లేని వార్నింగులన్నీ ఒకేసారి వెలుగుతాయి. రాత్రంతా ఆగిన బండిలో, పొద్దున తలుపు తీసి కాసేపు ఆగి, మల్టీమీటరు పెట్టండి. 12.6 దగ్గర ఉంటే మంచిది, 12.2 కంటే తక్కువుంటే ఛార్జ్ చేసి మళ్లీ చూడండి. నిలవకపోతే మార్చండి. బండి రెడీలో (డ్యాష్‌బోర్డు మీద READY వెలిగి) ఉన్నప్పుడు 14 దగ్గర రావాలి. ఈ పని అయ్యాకే మిగతా కోడ్‌లను నమ్మండి.

వెనక ఫ్యాన్: నా బండి రోగం ఇక్కడే

వెనక సీట్లో కుడి పక్కన కూర్చుంటే తొడ పక్కన ఒక జల్లెడ కనిపిస్తుంది. పెద్ద బ్యాటరీ ఊపిరి పీల్చేది అక్కడి నుంచే. కార్లోని చల్లగాలిని ఫ్యాన్ అక్కడ లాక్కుని బ్యాటరీ మీదుగా తోస్తుంది. ఆ దారి మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, కంప్యూటరు దాన్ని కాపాడటానికి కరెంటు వాడకం తగ్గించేస్తుంది. ఇంజన్, మోటారు కలిస్తే ఈ బండికి 134 హార్స్‌పవర్. ఒక్క ఇంజన్‌ది 98. ర్యాంప్ మీద నాకు మిగిలింది ఆ 98 మాత్రమే.

ఒక ఆదివారం దాన్ని విప్పాను. ముందు డిక్కీ తలుపు తీసి అలాగే ఉంచాలి, ఎందుకంటే అది తెరుచుకునేది కరెంటుతో. తర్వాత చిన్న బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి పక్కన పెట్టాలి. డిక్కీ కింద పలకలు, ట్రే, కుడి వైపు ప్లాస్టిక్ గోడ, సీటు పక్క దిండు వరసగా వస్తాయి. క్లిప్పులు స్క్రూడ్రైవరుతో పీకితే విరుగుతాయి, ప్లాస్టిక్ పనిముట్టు వాడండి. ప్రతి మెట్టుకీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు టెన్షన్ ఉండదు. గాలి గొట్టం పక్కకు జరిపితే ఫ్యాన్ కనిపిస్తుంది. ఒక కనెక్టరు, కొన్ని నట్లు, అంతే.

చేతిలోకి తీసుకుంటే మొదట అది ఫ్యాన్ అని తెలియలేదు. ఉడుత చక్రంలా ఉండే దాని సన్నటి రెక్కల మధ్య బూడిద రంగు దుమ్ము, తెల్ల వెంట్రుకలు కలిసి కంబళిలా పేరుకుపోయాయి. చూపుడు వేలితో లాగితే ఒక పొర మొత్తం చాపలా చుట్టుకుని వచ్చింది. పాత టూత్ బ్రష్, వాక్యూమ్ పెట్టి గంటన్నర కూర్చున్నాను. మోటారుకి నీళ్లు తగలనివ్వకండి. గాలి గొట్టంలోకి కంప్రెసరుతో ఊదకండి, ఊదితే ఆ చెత్తంతా బ్యాటరీ లోపలికి పోతుంది. ఎప్పుడైనా సరే బయటికి లాగడమే.

మర్నాడు సాయంత్రం అదే ఎండ, అదే ర్యాంప్. 65 అందుకుంది, వెనక హోరు లేదు. యాప్‌లో బ్యాటరీ వేడి అంతకుముందు 52 డిగ్రీల సెల్సియస్ చూపించేది, ఆ రోజు 38. రెండు ట్యాంకులు తిరిగాక మైలేజీ 46కి వచ్చింది.

ఆ జల్లెడకి ఆనించి బ్యాగులు పెట్టకండి. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన సోనా మసూరి బస్తా అక్కడే ఇరికించిన వాళ్లను చూశాను. వేసవిలో ఎండలో నిలిపిన బండి ఎక్కగానే ఒక నిమిషం అద్దాలు దించి, వేడిగాలి పోయాక ఏసీ వేయండి. మనకి చల్లగా ఉంటేనే దానికీ చల్లగా ఉంటుంది. ట్రాఫిక్‌లో న్యూట్రల్‌లో పెట్టే అలవాటు కూడా మానండి. న్యూట్రల్‌లో పెద్ద బ్యాటరీ ఛార్జ్ కాదు.

ఇన్వర్టరు కూలెంట్

ఇన్వర్టరుకి ఇంజన్‌తో సంబంధం లేని సొంత కూలెంటు, సొంత పంపు ఉంటాయి. బండి చల్లగా ఉన్నప్పుడు హుడ్ ఎత్తి, బండిని రెడీలో పెట్టి, ఇన్వర్టరు దగ్గర చిన్న ట్యాంకు మూత తీసి చూడండి. లోపల గులాబీ నీళ్లు సుడి తిరుగుతూ కదలాలి. నిశ్చలంగా ఉంటే పంపు పోయి ఉండొచ్చు, లేదా గాలి చేరి ఉండొచ్చు. రెడీలో ఉన్నప్పుడు ఇంజన్ ఏ క్షణమైనా దానంతట అదే స్టార్ట్ అవుతుంది కాబట్టి చేతులు, చున్నీలు దూరంగా ఉంచండి.

ఈ హైబ్రిడ్ సిస్టమ్ మీద పెద్ద రీకాల్స్ (కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి సరిచేయడం) జరిగాయి, 2014లో, 2018లో, 2020లో. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) కొడితే మీ బండికి అవి చేశారో లేదో తెలుస్తుంది. పెండింగ్ ఉంటే డీలరు దగ్గర డబ్బు తీసుకోకుండా చేస్తారు.

పొద్దున్నే వచ్చే ఆ వణుకు

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలి చెబుతున్నాను. ఆర్లింగ్టన్‌లో ఒక అబ్బాయి బండి పొద్దున స్టార్ట్ చేయగానే డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు చేసేది. పది సెకన్లకి సర్దుకునేది. "అన్నా, చలికి అలా అవుతోంది" అని మూడు నెలలు నడిపాడు. నేను చూసేసరికి కూలెంట్ ట్యాంకులో అడుగున కొద్దిగా మిగిలింది. సిలిండర్ హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు, పోయింది. బండి కొన్న ధరలో సగం పైగా రిపేరుకే అడిగారు. సెమిస్టరు ఫీజు కట్టాల్సిన నెల అది. ఆ అబ్బాయి మొహం నాకు ఇంకా గుర్తుంది.

పొగలో కొంత భాగాన్ని ఈజీఆర్ మళ్లీ ఇంజన్‌లోకి పంపి, మంట వేడి తగ్గిస్తుంది. లక్ష మైళ్లు దాటాక మసితో దాని కూలర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండరుకీ వెళ్లే చిన్న రంధ్రాలు పూడుకుపోతాయి. కొన్నిటికి అంది, కొన్నిటికి అందకపోతే అందని సిలిండరు ఎక్కువ వేడెక్కుతుంది. గాస్కెట్ అక్కడి నుంచే దెబ్బతింటుందని ప్రియస్ బాగా తెలిసిన మెకానిక్‌లు చెబుతారు, నేను విప్పి చూసిన మసి చూశాక నాకూ అదే నిజమనిపిస్తుంది.

ఇంజన్ కూలెంట్ ట్యాంకు మీద మార్కర్ పెన్నుతో నీటి మట్టం దగ్గర గీత గీయండి. ప్రతి ఆదివారం పొద్దున, బండి స్టార్ట్ చేయకముందు, ఆ గీత చూడండి. కింద చుక్క తడి లేకుండా మట్టం తగ్గుతుంటే కూలెంట్ సిలిండరులోకి పోతోంది. షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించండి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా పెట్టి చూడమనండి. కూలెంట్ దిగుతున్న సిలిండరులో పిస్టన్ తల మసి లేకుండా కడిగినట్టు ఉంటుంది. అలా కనిపిస్తే బండి నడపడం ఆపేయాలి. లోపల నీళ్లు నిండి కనెక్టింగ్ రాడ్ వంగితే ఇంజనే పోతుంది. డబ్బాల్లో అమ్మే సీలెంటు పోసి నెట్టుకురావద్దు.

మట్టం తగ్గకుండా వణుకు మాత్రమే ఉంటే ఇంకా టైముంది. స్పార్క్ ప్లగ్‌లు 1,20,000 మైళ్లకి మార్చాలి, మార్చారో లేదో చూడండి. మానిఫోల్డ్ విప్పి శుభ్రం చేయడం ఒక పూట పని. ఈజీఆర్ కూలర్‌కి కూలెంట్ దించి మళ్లీ గాలి లేకుండా నింపాలి, దానికి ఒక రోజు పడుతుంది. ఒంటరిగా మొదటిసారి చేసేది కాదు, తెలిసినవాళ్లకి ఇవ్వండి. మెకానిక్‌కి ఈ బండి తెలుసో లేదో కనుక్కోవడానికి ఒక దారి ఉంది. ఈ ఇంజన్‌కి బెల్టే లేదు, వాటర్ పంపూ ఏసీ కంప్రెసరూ కరెంటుతోనే తిరుగుతాయి. ఫ్యాన్ బెల్టు మార్చాలని ఎవరైనా చెబితే తాళాలు తిరిగి తీసుకుని వచ్చేయండి.

చివరికి పెద్ద బ్యాటరీ

పైవన్నీ చూసినా గీతలు ఎగిరిపడుతూనే ఉంటే, లేదా పీ0ఏ80 వస్తే, ఇప్పుడు దీన్ని కొలవాలి. లోపల 28 మాడ్యూళ్లు, ఒక్కోదానిలో 1.2 వోల్టుల సెల్స్ ఆరు. కంప్యూటరు వీటిని రెండేసి చొప్పున 14 బ్లాకులుగా చూస్తుంది, యాప్‌లో కనిపించేవి ఆ 14 అంకెలే. ఫోన్ పక్క సీట్లో ఉన్నవాళ్ల చేతిలో పెట్టి, ర్యాంప్ ఎక్కేటప్పుడు ఆ అంకెలు చూడమనండి. అన్నీ కలిసి దిగి కలిసి లేస్తే బ్యాటరీ బాగానే ఉంది. ప్రతిసారీ ఒకే బ్లాకు మిగతావాటికంటే వోల్టుకి పైగా కిందికి జారితే, దానిలో ఒక సెల్ చచ్చిపోయిందని లెక్క. ఒక సెల్ అంటే 1.2 వోల్టులు కదా.

ఆ ఒక్క మాడ్యూలు మార్చి తక్కువలో చేసిపెడతామని చెబుతారు. మిగతా 27 కూడా అదే వయసువి. ఇవాళ ఒకటి మార్చితే కొన్ని నెలలకి ఇంకొకటి పడిపోతుంది. ఏడాదిలోపు బండి అమ్మేసే ఆలోచన ఉంటే తప్ప నేను ఆ దారి చెప్పను. కొత్త సెల్స్‌తో వచ్చే ప్యాక్ వేయించండి. వారంటీ ఎన్ని నెలలో, పార్టుకేనా కూలీకి కూడానా అన్నది కాగితం మీద రాయించుకోండి.

పెట్టించే రోజు మీరు దగ్గరుండండి. ఫ్యాన్ బయటికి తీసి శుభ్రం చేశారా అని అడగండి. శుభ్రం చేయని పాత ఫ్యాన్‌తోనే కొత్త ప్యాక్ పెట్టిస్తే ఆ ప్యాక్ ఆయుష్షు కూడా ఆ ఫ్యాన్ చేతిలోనే ఉంటుంది. బిగించేముందు ఫ్యాన్‌ని మీ చేతిలోకి తీసుకుని, రెక్కల మధ్య వేలు పెట్టి చూసి, వెలుతురు ఇటు నుంచి అటు కనిపించాకే తిరిగి ఇవ్వండి.